వ్యాను కింది ఎర్రటి మడుగు

పక్కింటి అంకుల్ పోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. టీ తాగి, కప్పు కింద పెట్టబోతూ ఒరిగిపోయారట. "నీకు ముందు చెప్పాలనిపించింది బాబూ" అన్నారావిడ. నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు వచ్చింది. ఆ సిగ్గు ఎందుకో ఇక్కడి మన తెలుగువాళ్ళందరికీ చెప్పాలి. నాలుగేళ్ళ క్రితమే చెప్పవలసిన సంగతి.

అంకుల్ బెజవాడ రైల్వే షెడ్డులో ఫిట్టరు. యాభయ్యో ఏట సిడ్నీ వచ్చారు. ఇక్కడ ఆయన సర్టిఫికెట్లు చెల్లలేదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు మడిచే పని దొరికింది. వారంలో ఐదు రోజులు పెట్టెలు మడిచేవారు, ఆదివారం చర్చికి వెళ్ళేవారు. శనివారం ఒక్కరోజే మళ్ళీ ఫిట్టరయ్యేవారు. మా పేట హారిస్ పార్క్‌లో తెలుగువాళ్ళ కారు ఏది మొరాయించినా ఆయన గుమ్మం ముందుకే వచ్చేది. చేతి గడియారం విప్పి బూటులో దాచి పనిలోకి దిగేవారు. ఇంజను బాగయ్యాక చెవి ఆనించి, "ఇదిగో, ఇప్పుడు తెలుగు మాట్లాడుతోంది" అనేవారు.

ఎనభై తొమ్మిదిలో నేనొక పాత క్యాంపర్ వ్యాను కొన్నాను. లోపల మంచం, గ్యాసు పొయ్యి, చిన్న సింకు. ఆటోమేటిక్ గేర్లు. గేరుబాక్సు అడుగున నూనె చెమర్చుతుంటే అంకుల్ ఓ శనివారమంతా వెల్లకిలా పడుకుని నూనె కారకుండా ఆపే గాస్కెట్ మార్చారు. తరువాతి శనివారం, లాంగ్ వీకెండ్ కదా అని, సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. భోజనాలయ్యాక చూస్తే వ్యాను కింద ఎర్రటి మడుగు. వేలు పెడితే జారుతోంది. గేరుబాక్సు నూనె రంగూ ఎరుపే. ఇంకేం ఆలోచించలేదు నేను.

మర్నాడు పార్కులో బార్బెక్యూ విందు. ఇరవై మంది దాకా ఉన్నాం. అంకుల్ ప్లేటు పట్టుకుని నిలబడి ఉండగానే అన్నాను: "అంకుల్ చెయ్యి పడింది, మా బండికి రక్తం కారుతోంది!"

అందరూ నవ్వారు. "మేట్, నెక్స్ట్ వీక్ నా కార్ ఇద్దామనుకున్నా. జస్ట్ ఎస్కేప్!" అన్నాడొకాయన. ఇంకా నవ్వారు.

"రేపు సెలవేగా, పొద్దున్నే వచ్చి చూస్తాను బాబూ" అన్నారు అంకుల్.

చంకలో అట్టలతో వచ్చారు. వ్యాను కింద ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి, ఇంజను నడిపించి, ఆపి, మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఒక్క చుక్క పడలేదు.

"కారింది అంకుల్, ఐ సా ఇట్!" అన్నాను విసుగ్గా.

"కారలేదన్నానా? ముందు ముట్టుకో, తర్వాత తిట్టుకో" అని మా ఆవిడ వైపు తిరిగారు. "అమ్మాయ్, అక్కడ ఇది కారే ముందు మీరేం చేస్తున్నారు?"

"అన్నాలు తిన్నాం. సింకులో గిన్నెలు కడిగాను అంకుల్. లిక్విడ్ మర్చిపోయా, బట్టల సబ్బు పొడితో తోమాను."

"ఏదీ, మళ్ళీ అలాగే కడుగు."

ఆవిడ పప్పుచారు గిన్నె తెచ్చి కడిగింది. అట్ట మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. అంకుల్ వేలితో రాసి వాసన చూశారు. "చింతపండు! నీ బండికి చారు కారుతోంది బాబూ. పసుపూ సున్నం కలిస్తే ఎర్రబడదా? సబ్బు తగిలినా అంతే." గేరుబాక్సు నూనె చుక్క పక్కనే వేసి, అట్టను ఎండలో పెట్టారు. అరగంటకు చారు ఎండింది, నూనె నిగనిగలాడుతూనే ఉంది.

"కారిన చోట తప్పు ఉండదు. నీళ్ళు పల్లం వెతుక్కుంటూ వస్తాయి. పైకి చూడాలి" అంటూ కిందికి దూరారు. సింకు గొట్టంలోకి ఓ కొత్త స్క్రూ దిగబడి ఉంది. ట్రిప్పుకు ముందు సింకు పక్కన చెక్క అర బిగించింది నేనే.

బయటికి వచ్చి స్క్రూనూ నన్నూ చూశారు. "కొంచెం పొడుగెక్కువైంది" అన్నారు. అంతే. గొట్టం అతికించి, పొట్టి స్క్రూ బిగించి వెళ్ళారు. "థాంక్స్ అంకుల్" అన్నాను. క్షమించమనలేదు.

తరువాత ఒక పుట్టినరోజు విందులో ఎవరో, "వ్యాను రక్తం ఆగిందా?" అని అడిగారు. అంకుల్ నాకు చేతికందే దూరంలో ఉన్నారు. చారు సంగతి చెబితే ఈసారి నవ్వు నా మీదికి వస్తుంది. "ఆఁ, ఫిక్స్ అయిపోయింది" అన్నాను. ఏం పాడైందో, ఎవరు పాడుచేశారో, ఎవరు కనిపెట్టారో చెప్పలేదు. ఆ రోజు కారు ఇద్దామనుకున్నానన్న ఆయన గరాజ్‌కి వెళ్ళాడు. మిగతావాళ్ళూ వెళ్ళారు. గేరుబాక్సు చెడగొట్టిన అంకుల్ కథ నాకు పరిచయం లేని ఇళ్ళకు కూడా చేరింది.

కొన్ని నెలలకు స్టేషన్ నుంచి కలిసి నడుస్తూ, "శనివారాలు ఖాళీగా ఉంటున్నట్టున్నారు అంకుల్" అన్నాను.

"నువ్వు చెబుతావులే అనుకున్నాను బాబూ." గొంతులో కోపం లేదు.

"చెబుతాను అంకుల్, డెఫినెట్‌గా."

చెప్పలేదు. మొన్న చర్చిలో అంకుల్ అంత్యక్రియల ప్రార్థన అయ్యాక ఆనాటి కారాయనే పక్కకు వచ్చి, "పాపం, మంచాయన. మీ గేర్‌బాక్స్ పాడుచేసింది ఆయనే కదా?" అన్నాడు. అప్పుడు చెప్పాను. హాలంతా వినేలా, స్క్రూతో సహా. ఎవరూ నవ్వలేదు.

ఆంటీ నా దగ్గరకు వచ్చి, "ఈ ముక్క ఆయన వినేటప్పుడు చెప్పుంటే బాగుండేది" అన్నారు.

"అవునాంటీ" అన్నాను.

ఆ చివరి ఏళ్ళలో శనివారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట మెట్ల మీద కూర్చునేవారు. వీధిలో ఏ కారైనా స్టార్టవక గురగురమంటే తల అటు తిప్పి, కళ్ళు మూసుకుని వినేవారు. లేచేవారు కాదు. ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు చూసేవారు.