ఖాళీ కుర్చీ, ఏడు సంతకాలు

మా చర్చి సంఘంలో ఏ సమావేశం జరిగినా ముందుగా ఒక కుర్చీ వేసి, దాని మీద ఉతికిన తువ్వాలు పరిచేవాళ్లం. అది ప్రభువుది. అందులో ఎవరూ కూర్చోరు. పాస్టరు అయ్యగారితో సహా అందరం కింద చాపల మీదే. ఆ సంఘంలోనే పుట్టి, అక్కడే సండే స్కూలు చెప్పే నాకు ఆ ఆచారం ఎంతో అందంగా కనిపించేది. అది మమ్మల్ని చిక్కులో పెడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

మా ఊరు గట్టు మండలంలో. చేన్ల పనులు అయిపోగానే వలస కూలీలను తీసుకుపోవడానికి గుంపు మేస్త్రి లారీ తెస్తాడు, సగం ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలితే తిండికి ఇబ్బంది, వెంట తీసుకుపోతే బడి పోతుంది. ఆ ఏడాది ఊళ్లో ఉండిపోయే పిల్లలకు పొద్దున, సాయంత్రం అన్నం పెట్టి చదివిద్దామని సంఘమంతా అనుకున్నాం. చోటు కూడా దొరికింది. మా ఊరి నేత అవ్వ మగ్గం ఆపేసి చాలా కాలమైంది, ఆ గది ఇస్తానంది. కానీ ఒక షరతు పెట్టింది.

"నువ్వు ఇయ్యాల ఉంటవు, రేపు పెండ్లయి పోతవు. మీ అయ్యగారిని ఇంకో ఊరికి పంపిస్తరు. మనుషులను నమ్ముకొని ఇయ్యను బిడ్డా. సర్కారు ముద్దరున్న సంఘం కాగితం తెండ్రి, తాళం చెవి ఇస్త."

లారీ నెల రోజుల్లో వస్తుంది. అప్పటికి ఆ తాళం తెరుచుకోకపోతే పిల్లలూ లారీ ఎక్కుతారు.

రిజిస్ట్రేషన్ దరఖాస్తు నేనే నింపాను. అధ్యక్షుడెవరని అడిగితే అందరూ కుర్చీ వైపు చూశారు. నేను మనస్ఫూర్తిగా, గుండ్రటి అక్షరాలతో "యేసు ప్రభువు" అని రాశాను. వృత్తి అన్న గడిలో "కాపరి" అని పెట్టాను. చిరునామా దగ్గర కాసేపు ఆగి "అంతటా" అని రాశాను. ప్రార్థన చేసి సంచిలో పెట్టుకున్నాను.

వనపర్తిలో చిన్న సంఘాల వాళ్లకు ఒక వకీలు మేడమ్ చట్టం గురించి ఒకరోజు పాఠాలు చెబుతుందని తెలిసి, ఆఫీసులో ఇచ్చే ముందు ఆమెకు చూపిద్దామని బయలుదేరాను. నాకు తోడుగా మా పెద్దమ్మ వచ్చింది. పత్తి చేన్లలో కూలి చేసిన మనిషి, అరవై దాటినా నోటికి ఎదురు లేదు.

మేడమ్ ఒక్కొక్కరి కాగితాలు చూస్తూ మా దాని దగ్గర ఆగింది. చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివింది.

"అమ్మా, ఈయన సంతకం చేస్తడా?"

"చేసిండు గద," అంది పెద్దమ్మ, "ఆకాశం జూడు, భూమి జూడు."

హాలంతా నవ్వు. కోడేరు నుంచి వచ్చిన చెరువు సంఘం పెద్దాయన లేచి, "మీరే నయం అక్కా! మా అధ్యక్షుడు మీటింగుకే రాడు. మీ ఆయన పిలువకముందే వస్తడు," అన్నాడు. మేడమ్ కూడా నవ్వింది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నవ్వులు ఆగాక ఆమె నెమ్మదిగా చెప్పింది. "అధ్యక్ష పదవి అంటే గొప్ప కాదమ్మా. మీరు పెట్టిన అన్నం తిని ఒక పిల్లకు జబ్బు చేసిందనుకోండి. జవాబు ఎవరు చెప్పాలె? దేవుణ్ణి తీసుకపోయి బోనులో నిలబెడతరా?"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మేము వినయం అనుకున్నదాంట్లో సగం భయమే. జవాబు చెప్పవలసిన చోట కూర్చోవడానికి భయపడి, ఆ బరువంతా ప్రభువు మీదికి నెట్టి తువ్వాలు పరిచాం.

ఆమె బోర్డు మీద రాస్తూ, "సంఘానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలె," అంది. నేను ఉలిక్కిపడ్డాను. బైబిల్లో తొలినాటి విశ్వాసుల్లో విధవరాండ్రకు భోజనం సరిగా అందడం లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు, మంచి పేరున్న ఏడుగురిని ఎన్నుకున్నారని నేనే ఎన్నిసార్లు పిల్లలకు చెప్పాను! అక్కడా అన్నం గురించే, ఇక్కడా అన్నం గురించే. నవ్వు ఆపుకోలేక పెద్దమ్మ చెయ్యి గిచ్చాను.

ఆ ఆదివారం అయ్యగారి వాక్యోపదేశం అయ్యాక ఆ ఏడుగురి సంగతే చెప్పాను. ఆరు పేర్లు వచ్చాయి. అధ్యక్షుడు మాత్రం తేలలేదు. అందరూ అయ్యగారి వైపు చూస్తే ఆయన, "నేను పోయేటోణ్ణి. ఊళ్లో ఉండేటోళ్లే కావాలె," అన్నాడు.

పెద్దమ్మ మోకాళ్లు పట్టుకొని లేచింది. "ఏందిరా గిట్ల ముడుచుకుంటుండ్రు? జవాబు చెప్పుడే గద! అత్తకు చెప్పిన, మేస్త్రికి చెప్పిన, సర్కారుకు చెప్పనా? రాసుకో బిడ్డా నా పేరు."

"సంతకం చేయాలె పెద్దమ్మా."

"నేర్పియ్యి. సండే స్కూలు చిన్నోళ్లకేనా?"

మూడు రోజులు పలక మీద దిద్దింది. తన పేరు మొదటిసారి పూర్తిగా రాసిన రోజున ఆ పలకను వీధంతా తిప్పి చూపించింది.

వకీలు మేడమ్ మరో మార్పు చేయించింది. మా సంఘం పిల్లలకే అని రాసిన చోట, కులం మతం చూడకుండా ఊళ్లోని పిల్లలందరికీ అని. రాస్తుంటే అదే మొదట రాయవలసిందని నాకే అనిపించింది.

లారీ రావడానికి రెండు రోజుల ముందు సర్టిఫికెట్ చేతికొచ్చింది. నేత అవ్వ ముద్రను వేలితో తడిమి చూసి, నడుముకున్న తాళం చెవి విప్పి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"మీ దేవుని కుర్చీ యాడ ఏస్తరో గని, మగ్గం గుంట మీద ఏయకుండ్రి. మూసిన చెక్కలు పాతవి, ఇరుగుతయి."

లారీ పోయిన పొద్దున పదిహేడు మంది పిల్లలు ఆ గదిలో ఉప్మా తిన్నారు. అందులో ముగ్గురు మా సంఘం వాళ్లు కారు, నేత అవ్వ వాడకట్టు పిల్లలు. ఆ సాయంత్రమే సంఘం మొదటి సమావేశం. కుర్చీ వేశాం, తువ్వాలు పరిచాం. అధ్యక్షురాలు ఎక్కడ కూర్చుంటుందా అని అందరం చూస్తున్నాం. పెద్దమ్మ ఆ కుర్చీ కాళ్ల దగ్గర చాప పరుచుకొని చతికిలబడింది.

"ఆయన పైన, నేను కింద. అడిగేటోళ్లు ముందుగాల నన్ను అడగాలె," అని రిజిస్టరు లాక్కుని, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో అక్షరం నొక్కి తన పేరు రాసింది.