కోరుట్ల రోడ్డు మీద ఇరవై బిందువులు

తెలంగాణ కోసం అందరూ సమ్మెకు దిగిన రోజులవి. కోరుట్ల కాలేజీలో లెక్కలు చెప్పే నేను ఆ ఉదయం నడిరోడ్డు మీద వంటావార్పులో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. బస్సులు లేవు. మెట్‌పల్లి నుంచి జగిత్యాల దాకా రోడ్డంతా మాదే.

సిరిసిల్ల నుంచి నా పాత శిష్యురాలు వాళ్ల నాన్న మోపెడ్ మీద వచ్చి దిగింది. ఆయన సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఆ ఇంట్లో ఎమ్మెస్సీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే.

"సార్, ప్రాజెక్టుల, మీరు క్లాసుల జెప్పిన మీ డైరీ లెక్కనే ఏసిన. మా గైడు తప్పన్నడు. పొద్దుమీకేలోపట సరిజెయ్యకుంటే గా అధ్యాయమే తీసెయ్యాల్నట. మూడుసార్లు జేసిన, ఇరవై మూడే అస్తున్నయ్."

లెక్క చిన్నదే. సున్నా నుంచి పన్నెండు దాకా పదమూడు సంఖ్యలే ఉన్న లోకం. పదమూడు రాగానే మళ్లీ సున్నా. అందులో, y వర్గం = x ఘనం − 4x అనే వక్రం మీద బిందువులెన్ని? చిత్తులో వేసి, సరిచూసుకున్నాకే డైరీలో ఎక్కించడం నా పద్ధతి. అందుకే ముప్పై ఏళ్ల డైరీల్లో ఒక్క కొట్టివేత లేదు.

పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్న ఉర్దూ మీడియం లెక్కల సారు నవ్వాడు.

"ఏం భాయ్, పదమూడుకు బిందువులు ఇరవై ఒకటి దాటవని సిద్ధాంతమే ఉండె గదా! నీ డైరీ సిద్ధాంతం కంటె పెద్దదా?"

నినాదాలు రాయడానికి తెచ్చిన సుద్దముక్క తీసుకుని తారు మీద పదమూడు నిలువు, పదమూడు అడ్డం గడులు గీశాను.

"గింజలు పట్టుకరా బిడ్డా."

ఒక్కో నిలువు వరుసకు ఒక x. విలువ కట్టి, వర్గమూలాలు ఉంటే రెండు గింజలు. రెండు వరుసలు ఖాళీగా ఉండిపోయాయి. ఎనిమిది వరుసల్లో రెండు గింజలూ వేరువేరు గడుల్లో పడ్డాయి. మరో మూడు వరుసల్లో మాత్రం రెండూ అడుగున సున్నా గడిలోనే పడ్డాయి.

ఆమె వంగి చూసింది. "సార్, గీ గడిల రెండెందుకు? సున్నకు ప్లస్సేంది, మైనస్సేంది?"

వర్గమూలం అనగానే రెండు రాసే నా చేతి అలవాటు కాగితం మీద ముప్పై ఏళ్లు దాగింది. గింజలు దాచలేదు. మూడు గింజలు తీసేశాం. పంతొమ్మిది మిగిలాయి. ఇలాంటి వక్రానికి ఎప్పుడూ అదనంగా కలిపే, అనంతంలో ఉండే బిందువు కోసం గడుల బయట, పొయ్యిరాయి మీద ఇంకో గింజ పెట్టింది.

"ఇరవై!" అని అరిచింది. జనం నినాదమనుకుని "జై తెలంగాణ!" అన్నారు. ఆమె కూడా అంది.

"గా పొయ్యిరాయి మీదున్నాయనకు సుత పప్పుచారు పొయ్యుర్రి," అన్నాడు సారు.

అక్కడి నుంచే ఆమె గైడుకు ఫోన్ చేసింది. "అధ్యాయం ఉంచుమన్నడు సార్!" అంటూ నాన్న వైపు పరుగెత్తింది.

బయల్దేరే ముందు నా సంచిలో ఉన్న ఆ లెక్క డైరీ అడిగి తీసుకుంది. ఇరవై మూడు మీద అడ్డగీత గీసి, పక్కన ఇరవై అని రాసింది. నా డైరీలన్నింటిలో నేను ఇతరులకు చూపించే పేజీ అదొక్కటే.