తుఫాను నాడు తెరిచిన హాలు

మొన్న ఆదివారం మా కాలనీ సంఘం సమావేశంలో, హాలుకు ఏసీలు పెట్టించాలా వద్దా, పెళ్ళిళ్ళకు అద్దెకిస్తే గోడల రంగు పాడవుతుందా లేదా అని కొత్త కార్యవర్గం వారు గొంతులు చించుకుంటూ ఉంటే, వెనక వరుసలో కూర్చున్న నేను ఇక కూర్చోలేక, మంచినీళ్ళ నెపం మీద లేచి వరండాలోకి వచ్చేశాను. బయట ఈదురుగాలి అప్పుడే లేచింది. సముద్రం మీంచి వచ్చిన ఆ ఉప్పుగాలి ముఖానికి కొట్టేసరికి లోపలి మాటలన్నీ ఎక్కడికో పోయి, మహమ్మారి రోజుల్లోని ఆ రెండో వేసవి, అందులో ఒక్క తుఫాను రోజు కళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డాయి. నా ఈడు వాళ్ళకు ఆ రోజుల సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు గానీ, మా సూరత్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న మా నాలుగు వీధుల్లో ఏం జరిగిందో చెబితే మీరు కూడా మీ మీ వీధుల్ని ఒకసారి తలుచుకుంటారని రాస్తున్నాను.

మాది బందరు వైపు. మావారికి సూరత్ పక్కన హజీరాలో ఫ్యాక్టరీ ఉద్యోగం రావడంతో, పెళ్ళైన కొత్తలోనే ఈ ఊరు వచ్చిపడ్డాం. సూరత్‌లో తెలుగువాళ్ళంటే అందరికీ మగ్గాల మీద పనిచేసే తెలంగాణ వాళ్ళే గుర్తుకొస్తారు. వాళ్ళుండే గోడాదరా ఊరికి ఆ చివర, మేమేమో ఈ చివర డుమస్ వైపు. కంపెనీ బస్సు ఆగే చోటుకు దగ్గరని ఇక్కడ ఇల్లు కొనుక్కున్నప్పుడు వీధి దీపాలు లేవు, మంచినీళ్ళు లేవు, వానొస్తే దారి లేదు. ఆ లేమిలోంచే మా సంఘం పుట్టింది. రిటైరైన హెడ్మాస్టరు గారు, మేమంతా కాకా అని పిలిచే పెద్దమనిషి, దానికి అధ్యక్షుడు. గేటు దగ్గర నల్లబోర్డు మీద సంఘం వార్తలు రాసే పని నాది. ఆదివారం తీరం శుభ్రం చేయడానికి ఎవరెవరు రావాలి, కంటి డాక్టరు ఎప్పుడొస్తాడు, నవరాత్రి గర్బా సాధన ఎక్కడ, ఎవరింటి చిలుక ఎగిరిపోయింది, ఇవన్నీ నా వంకర గుజరాతీ అక్షరాల్లో రాస్తే, కాకా ఉదయపు నడకకు వస్తూ సుద్దముక్క తీసుకుని, పిల్లల కాపీరాత దిద్దినట్టు, నవ్వుతూ దిద్దేవాడు.

మా వీధి చివర సముద్రం వైపు జాలరిపేట. అక్కడి నుంచి ఒకావిడ, నేను మాసీ అని పిలిచేదాన్ని, పొద్దున్నే చేపల బుట్టతో వీధి మలుపు దాకా వచ్చి ఆగేది. అంతకంటే లోపలికి వస్తే శాకాహారుల ఇళ్ళు కదా, గొడవ. నేనే మలుపు దాకా వెళ్ళి చందువలో రొయ్యలో తీసుకుని, సంచిలో పైన కొత్తిమీర కట్ట కప్పుకుని వచ్చేదాన్ని. కాకా భార్య, కాకీ, గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ ఆ సంచీ వంక చూసి, "ఇవాళ కొత్తిమీర బాగా బరువున్నట్టుందే బేన్" అనేది, చెల్లెల్ని పిలిచినట్టు. అంతే. ఆవిడ నా వంటింట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు గానీ, నా కూతురి పురుడప్పుడు నెల్లాళ్ళు మెంతుల లడ్డూలు చేసి పంపింది మాత్రం ఆవిడే.

ఆ జబ్బు మొదలైన సంవత్సరం అందరిలాగే మేమూ భయపడ్డాం, అందరిలాగే పళ్ళేలు మోగించాం, సముద్రం వైపు దారికి అడ్డంగా వెదురు బొంగులు కట్టేశాం. జాలర్లు ఆ పక్క, మేము ఈ పక్క. అయినా ఆ మొదటి వేసవిలో మా సంఘానికి చేతినిండా పని ఉండేది. ఇళ్ళకు నడిచిపోయే కూలీల కోసం హాల్లో ఖిచిడీ వండి పొట్లాలు కట్టేవాళ్ళం. ఒకనాడు పెద్దరోడ్డు మీద పొట్లాలు పంచుతుంటే, పిల్లను చంకనేసుకున్న ఒక మగ్గాల మనిషి నా మాట విని ఆగిపోయి, "అమ్మా, మీరు తెలుగోళ్ళా? గింత దూరంల మన మాట వినబడ్తదనుకోలే. జర పిల్లకు పాలు గిట్ల దొరుకుతయా?" అని అడిగాడు. ఇంటికి పరుగెత్తి పాలు తెచ్చేసరికి అతనెక్కిన టెంపో కదిలిపోయింది. ఆ సీసా పట్టుకుని నడిరోడ్డు మీద ఎంతసేపు నిలబడ్డానో. అప్పటి నుంచే కాబోలు నాకు కూర్చుంటే కుదురు లేకుండా పోయింది.

రెండో వేసవిలో పని లేదు, భయమే మిగిలింది. బోర్డు మీద రాయడానికి చావుకబుర్లు తప్ప ఏమీ లేక, కొన్నాళ్ళకు సుద్దముక్క పట్టుకోవడమే మానేశాను. కాకా తమ్ముడు పోయాడు. మావారికి వచ్చి తగ్గింది గానీ, మేడ మీది గదిలో నాలుగు మాటలాడితే ఆయాసపడేవారు. నేను మేడకీ కిందికీ, కింది నుంచి గేటుకీ, గేటు నుంచి డాబా మీదికీ తిరుగుతూనే ఉండేదాన్ని. "కాలుగాలిన పిల్లిలా ఎందుకే అలా తిరుగుతావు, నీ అడుగుల చప్పుడికి నాకు ఆయాసం వస్తోంది" అని విసుక్కునేవారాయన. తిరగకపోతే ఏదో ముంచుకొస్తుందని నా లోపల ఎవరో చెబుతున్నట్టుండేది.

ముంచుకొచ్చింది తుఫాను. టీవీలో తుఫాను కబురు చెప్పిన మర్నాడు పొద్దున్నే ఆకాశం కంచురంగులోకి తిరిగింది, సరుగుడు చెట్లు ఈలలేయడం మొదలుపెట్టాయి. నేను డాబా మీద ఉండగా వెదురు అడ్డం దగ్గర జనం కనిపించారు. మాసీ, ఆమె కోడలు, ఇంకా పేటలోని ఆడవాళ్ళు, పసిబిడ్డలు, ముసలివాళ్ళు, వెనక మగవాళ్ళు, కొంగులూ తువ్వాళ్ళూ ముక్కుకు కట్టుకుని సన్నటి వానలో నిలబడి ఉన్నారు. నేను దిగి వెళ్ళేసరికి మాసీ బొంగు పట్టుకుని, "బేన్, స్కూలులో పడుకుందామంటే దాన్ని జబ్బువాళ్ళ ఆసుపత్రి చేశారు. మా రేకుల ఇళ్ళు ఈ గాలికి ఆగవు. మీ హాలు తెరిపించు" అంది. బతిమాలినట్టు కాదు, ఇంటి మనిషిని అడిగినట్టు అడిగింది.

కార్యవర్గం వీధిలోనే సమావేశమైంది, ఎవరి గుమ్మం ముందు వాళ్ళు నిలబడి, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, గాలికి మాట వినపడక అరుచుకుంటూ. తెరవకూడదన్నవాళ్ళే ఎక్కువ. చివరింటి కుర్రాడు, చీరల వ్యాపారం చేసేవాడు, వాడికి పాలు తాగే బిడ్డ, గుండెజబ్బు తండ్రి, నా వైపు తిరిగి, "ఆంటీ, వాళ్ళలో ఎవరికి ఉందో ఎవరికి తెలుసు? రేపు మా బాపూజీకి ఏమన్నా అయితే మీరు జవాబు చెబుతారా?" అన్నాడు. వాడు చెడ్డవాడు కాడు. వాడి గొంతులో ఉన్నది నా ఇంట్లోనూ ఉన్న భయమే. "చెప్పలేను నాయనా. కానీ నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఉప్పెన వచ్చింది. రైసుమిల్లు ఆసామి గోడౌను తలుపులు తీస్తే, వడ్ల బస్తాల మీదెక్కి మేమంతా బతికాం. ఆ తలుపు తీయకపోతే ఇవాళ నీతో మాట్లాడ్డానికి నేను ఉండేదాన్ని కాదు. హాల్లో వాళ్ళతో నేనుంటాను. జబ్బు వస్తే ముందు నాకే రానీ" అన్నాను. అనేశాక గానీ మేడ మీద ఒంటరిగా ఉన్న మనిషి గుర్తుకు రాలేదు.

కాకా ఏమీ తేల్చలేదు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆయన ఏదీ తేల్చలేకపోతున్నాడు. చేతులెత్తించి లెక్కపెడదామని నసుగుతున్నాడు. అప్పుడు వాళ్ళ గుమ్మంలోంచి కాకీ లేచి, కొంగు నడుముకు బిగించి, "మీరు చేతులెత్తుతూ ఉండండి, పసిబిడ్డలు వానలో ఉన్నారు" అని, తాళంచెవి తీసుకుని గాలికి తూలుకుంటూ హాలు వైపు నడిచింది. వెళ్తూ నా పక్కన ఒక్క క్షణం ఆగి, "చేపలు మాత్రం లోపలికి తేవద్దని చెప్పు" అంది. అంత భయంలోనూ నాకు నవ్వాగలేదు.

ఇంటికి పరుగెత్తి మావారికి సంగతి చెబితే, ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూసి, ఆగి ఆగి, "వెళ్ళు. ఇక్కడుంటే నేలంతా అరగదీస్తావు. అక్కడైనా నీ తిరుగుడికి ఒక అర్థం ఉంటుంది. ఫ్లాస్కు నిండా చారు పోసి పెట్టి వెళ్ళు" అన్నారు. ముప్ఫై ఏళ్ళ పైబడిన కాపురంలో ఆయన నాకు చెప్పిన మంచి మాటల్లో అదొకటి.

కిటికీలన్నీ తెరిచి ఉంచాలి, కుటుంబానికీ కుటుంబానికీ మధ్య జాగా వదలాలి, మగవాళ్ళు వరండాలో ఉండాలి అని కాకా షరతులు పెట్టాడు. మధ్యాహ్నానికి గాలి రాక్షసిలా అరుస్తూ వచ్చింది. తెరిచిన కిటికీల్లోంచి వాన జల్లు పడి హాల్లో పరిచిన చాపలన్నీ తడిసిపోయాయి. కాకీ గుండిగల్లో ఖిచిడీ, మజ్జిగపులుసులాంటి కఢీ పంపింది. ఎక్కడో రేకు ఎగిరి పడిన చప్పుడైనప్పుడల్లా ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకునేవారు, అది ఎవరింటిదో అని. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నేను ఒక కిటికీ నుంచి మరో కిటికీకి తిరుగుతూనే ఉన్నాను. చివరికి మాసీ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగి, "కూర్చోవమ్మా బేన్. నువ్వు నడిస్తే గాలి ఆగుతుందా?" అంది. ఆగదు కదా. కూర్చున్నాను. ఎన్ని నెలల తర్వాతో, మరో మనిషి భుజం నా భుజానికి ఆనుకునేంత దగ్గరగా కూర్చున్నాను. దూరం సంగతి ఆవిడకూ గుర్తుకు రాలేదు, నాకూ గుర్తుకు రాలేదు. ఆవిడ మెల్లగా పాట ఎత్తుకుంది. పడవలు ఒడ్డుకు రావాలని సముద్రపు తల్లిని వేడుకునే పాట. ఒక్కొక్కరే గొంతు కలిపారు, వరండాలోంచి మగవాళ్ళు కూడా. నాకు మాటలు సరిగా అర్థం కాలేదు గానీ, మా బందరు పడవల పాటల ఊపు అందులో వినిపించింది.

తెల్లారేసరికి తుఫాను సింధుశాఖ దాటి అటు సౌరాష్ట్ర వైపు పోయింది. మాకు తాకింది దాని కొంగు మాత్రమే అన్నారు. ఆ కొంగుకే పేటలో సగం ఇళ్ళకు కప్పు లేకుండా పోయింది, మాసీ వాళ్ళ పడవ రెండు ముక్కలై బురదలో పడి ఉంది. మనుషులెవరూ పోలేదు. మాసీ పడవను చూసి ఏడవలేదు. కోడలి చంకలోని బిడ్డను తడిమి చూసుకుని, ఇంటి వైపు నడిచింది.

ఆ తర్వాతి రోజులే నాకు అసలు తుఫాను. వేడినీళ్ళ స్నానం చేసి, కింది గదిలో వేరుగా పడుకుని, మెట్ల కింద నిలబడి మావారితో మాట్లాడుతూ, ఎవరు దగ్గినా ఉలిక్కిపడుతూ గడిపాను. సరిగ్గా ఆ రోజుల్లోనే చివరింటి పెద్దాయనకు జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన హాలు ఛాయలకు కూడా రాలేదు, కొడుకు రోజూ మార్కెట్టుకు పోయి వస్తూనే ఉన్నాడు. జబ్బు ఎటు నుంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు లేరు. అయినా ఆ కుర్రాడు కారెక్కుతూ నా గేటు వైపు చూసిన చూపు నన్ను నిద్రపోనివ్వలేదు. నేను చేసింది తప్పా అని మావారిని అడిగితే, "తప్పైతే మళ్ళీ చేయకుండా ఉండగలవా?" అన్నారు. ఉండలేను. అందుకే మరింత భయమేసింది.

పెద్దాయన చిక్కి శల్యమై తిరిగొచ్చాడు. కొడుకు మాత్రం నాతో మాట్లాడలేదు, కొన్నాళ్ళకు ఊళ్ళోనే మరో చోట ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయారు. సామాను లారీకెత్తుతున్న నాడు పెద్దాయన చేతికర్ర ఊతం చేసుకుంటూ నా గేటు దగ్గరికి వచ్చి, "బేన్, ఆ తుఫాను నాడు హాల్లో పాటలు పాడారు చూడు, మా ఇంటి దాకా వినిపించాయి. ఆ గాలిలో నాకు తోడుగా ఉన్నవి అవే" అన్నాడు. కొడుకు లారీ పక్కన నిలబడి అన్నీ విన్నాడు. వెళ్ళేటప్పుడు నా వైపు తల ఊపాడు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కాకా, కాకీ ఇద్దరూ ఇప్పుడు లేరు. మాసీ తన కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, చేపలు నాకు ఫోనులో నొక్కితే మంచుపెట్టెలో వస్తున్నాయి, కొత్తిమీర కప్పాల్సిన పని లేదు. సంఘం వార్తలన్నీ ఫోనులోనే. పండగ శుభాకాంక్షలు బోలెడన్ని వస్తాయి, చదివేలోపలే పైకి జారిపోతాయి. మావారు బాగానే ఉన్నారు, నేనూ వేళకు తిని వేళకు పడుకుంటున్నాను. ఆ పాడురోజులు మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు చెప్పండి. కానీ అప్పుడు ఏ ఇంట్లో ఎవరు తుమ్మినా వీధి వీధంతా అదిరిపడేది, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పక్కింటికి తెలిసేది. ఈ మధ్య మా ఎడమ పక్క ఇంట్లోకి కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళింట్లో నా ఈడు పెద్దావిడ ఒకరున్నారని, ఆవిడకూ నాలాగే తెల్లవారకముందే మెలకువ వచ్చేదని, డాబా మీద తిరిగేదని, ఆవిడ పోయిన నాడు వాకిట్లో వేసిన కుర్చీల మధ్య నిలబడితే గానీ నాకు తెలియలేదు.