అన్నానికి కాపలా

బిస్కెట్ అంటే రెండుసార్లు కాల్చినదని నా చిన్నప్పుడు మా పక్క క్వార్టర్ అక్క చెప్పింది. మా బళ్ళో ఇంగ్లీషు టీచరు ఆవిడే. సాయంత్రం టీ తాగుతూ ఇలా ఒక్కో మాట పుట్టుక చెబుతూ ఉండేది. కట్‌లెట్ అంటే చిన్న పక్కటెముక అట. మరి స్టేషన్లో అమ్మే బంగాళదుంప కట్‌లెట్‌కి ఎముకెక్కడిదని నేను వాదించేదాన్ని. మన పందికొక్కే ఇంగ్లీషులోకి పోయి బాండికూట్ అయిందని చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో గర్వం చూడాలి.

మా నాన్న బిలాస్‌పూర్‌లో రైల్వే రన్నింగ్ రూమ్‌లో వంటమనిషి. రైళ్ళు నడిపి దిగిన డ్రైవర్లు, గార్డులు తిరుగు డ్యూటీ దాకా అక్కడే తిని పడుకునేవారు. ఎవరి బియ్యం, పప్పు వాళ్ళే సంచిలో తెచ్చి ఇచ్చేవారు. నాన్న ప్రతి సంచికీ నంబరు బిళ్ళ కట్టి, ఎవరిది వాళ్ళకి వేరే గిన్నెలో వండేవారు. ఒకరి గింజ ఇంకొకరి గిన్నెలో పడకూడదని ఆయన పట్టుదల. నాకు మాత్రం ఆయన చొక్కాకి పట్టిన పోపు వాసన నామోషీగా ఉండేది. ఆ సంగతి ఇప్పుడు రాయాలన్నా సిగ్గుగా ఉంది.

ఏడో తరగతిలో 'మా నాన్న' అని ఇంగ్లీషు వ్యాసం రాయమన్నారు. తల్లిదండ్రుల సభలో కొందరు చదవాలి. నేను నాన్నని మెయిల్ రైలు డ్రైవర్ని చేసి, ఇంజను కూతలతో సహా దంచేశాను. దిద్దేది అక్కేనని తెలుసు. కానీ స్నేహితురాళ్ళకి అప్పటికే ఆ అబద్ధం చెప్పేసి ఉన్నాను, వెనక్కి తీసుకునే ధైర్యం లేదు.

అక్క తిట్టలేదు. సభ ముందురోజు మధ్యాహ్నం నన్ను రన్నింగ్ రూమ్‌కి తీసుకెళ్ళి వంటగది గుమ్మం పక్కన కూర్చోబెట్టింది. లోపల పొయ్యిల మీద వరసగా గిన్నెలు, గోడవారగా బియ్యం సంచులు. ఇంతలో ఒక ముసలి గార్డు వర్షంలో తడిసి, పాడైపోయిన బియ్యం సంచితో వచ్చి నిలబడ్డాడు. నాన్న గోడవారనున్న సంచుల వైపు కూడా చూడలేదు. అమ్మ కట్టిచ్చిన తన డబ్బా తీసి అతని ముందు పెట్టారు.

"తినండి బాబూ. నాను ఇంటికాడ తినేసే వచ్చినాను" అన్నారు.

నాన్న తినలేదు. తెల్లారకముందే డ్యూటీకి పోయిన మనిషి. డబ్బా ఖాళీ చేసుకొచ్చినా ఇంటికి రాగానే ఇంత ఆకలేమిటని అమ్మ ఎందుకు దెబ్బలాడేదో నాకప్పుడు తెలిసింది. అన్ని సంచుల బియ్యం మధ్య మా నాన్న పస్తు ఉన్నారు.

తిరిగి వస్తూ అక్క, లార్డ్ అనే మాటకి మొదట్లో అర్థం రొట్టెకి కాపలా ఉండేవాడని, పెద్ద దొరలకి అది తర్వాత అంటుకుందని చెప్పింది. క్వార్టర్ దగ్గర వ్యాసం రాసిన నా పుస్తకం నా చేతికిచ్చింది.

"రేపు ఏది చదువుతావో నీ ఇష్టమే. నేను ఏటీ అనను."

సాయంత్రం కూర్చుని మళ్ళీ రాశాను. మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. మా నాన్న వంటమనిషి అన్న మొదటి వాక్యానికే నా స్నేహితురాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒకమ్మాయి నవ్వింది. నేను ఆపకుండా చివరిదాకా చదివాను. నాన్న లేచి నిలబడి, అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

దారిలో అడిగారు. "ఏటి సదివినావమ్మా?"

ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నువ్వు వంట చేస్తావనీ, అందరి అన్నానికీ కాపలా ఉంటావనీ చదివానన్నాను. అచ్ఛా అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

నేను ఆ డ్రైవరు కథే చదివి ఉన్నా ఆయన అలాగే లేచి నిలబడేవారు. అంతే సంతోషంగా చప్పట్లు కొట్టేవారు. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు ఇదే ఊళ్ళో రాజ్‌కిశోర్ నగర్లో మా వీధి ముసలివాళ్ళు ఇంగ్లీషులో ఉన్న బ్యాంకు కాగితాలు, ఆసుపత్రి చీటీలు తెచ్చి చదివి చెప్పమంటారు. ఒక్క ముక్క వదలకుండా, ఉన్నది ఉన్నట్టే చెబుతాను. వాళ్ళు తలూపుతూ వింటుంటే నాకు చివరి వరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న మా నాన్నే కనిపిస్తారు.