కూర్చుని నేర్చుకున్న ఇంగ్లీషు

పోయిన ఆదివారం మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సంతాప సందేశం వచ్చింది. "లైబ్రరీలో మన అమ్మమ్మగారి దగ్గర సాయం చేసే అమెరికన్ టీచరు కన్నుమూశారు" అని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. పెట్టిన కార్యదర్శి మంచివాడే. కానీ ఆ వాక్యంలో ఒక్క ముక్కే నిజం: ఆవిడ కన్నుమూశారు. శనివారం పొద్దున, గుండె ఆగి, డెబ్బై ఎనిమిదో ఏట. మిగతాది తప్పు. ఆ అమ్మమ్మని నేనే, ఆవిడ నా దగ్గర సాయం చెయ్యలేదు. ఆరేళ్ళుగా నేనే ఆవిడ దగ్గర సాయం చేశాను. అందులో మొదటి ఏడాది నా వల్ల జరిగిన సాయం కంటే చెరుపే ఎక్కువ.

తప్పులు దిద్దడం నాకు పాత జబ్బు కనక, పనిలో పనిగా ఆవిడ గురించి కొంత రాస్తాను.

ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో, లైబ్రరీ గదిలో, మంగళవారం సాయంత్రం ఆరింటికి మా క్లాసు. ఇంగ్లీషు బొత్తిగా రాని పెద్దవాళ్ళకి మొదటి మెట్టు వ్యాకరణం. వచ్చేవాళ్ళందరి మాతృభాష స్పానిష్. పగలంతా హోటల్ గదులు శుభ్రం చేసేవాళ్ళు, గోడౌన్లలో పెట్టెలు మోసేవాళ్ళు, వంటింట్లో పనిచేసేవాళ్ళు. మనలో చాలామంది వాళ్ళని కలగాపులగంగా మెక్సికన్లు అనేస్తారు. మా క్లాసులో మెక్సికోవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళది గ్వాటెమాలా, పెరూ, ఇంకా వేరే దేశాలు. మనల్ని ఎవరైనా మద్రాసీలు అంటే మాత్రం మనకి పౌరుషం పుట్టుకొస్తుంది.

నేను తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. మొదటిరోజు ఈ సంగతి తెలిసి నేను కొంచెం కుర్చీ జరుపుకుని కూర్చున్నమాట నిజం. వ్యాకరణంలో జెరండ్ పాఠాన్ని ఎన్నో వారంలో మొదలుపెడతారని అడిగాను.

"అది ఏ రూటులో వస్తుంది, ప్రొఫెసర్?" అన్నారావిడ, నవ్వకుండా.

ఆవేళ్టి నుంచీ నన్ను ప్రొఫెసర్ అనే పిలిచారు. గౌరవమో వెక్కిరింతో ఆరేళ్ళలో తేల్చుకోలేకపోయాను. రెండూ అయ్యుంటుంది.

ఆవిడకి పాఠ్యపుస్తకం లేదు. ఒక ఇనప పనిముట్ల పెట్టె తెచ్చుకునేవారు. అందులో చెంచా, రబ్బరు తొడుగులు, మందుసీసా, తాళంచెవులు, ఇంటద్దె రసీదు. "దిస్ ఈజ్ ఎ స్పూన్" దగ్గర మొదలయ్యేది. స్పానిష్‌లో వయసుని 'కలిగి ఉంటారు'. అందుకని మావాళ్ళు "ఐ హావ్ ఫార్టీ ఇయర్స్" అనేవారు. నేను ఎర్ర పెన్ను తీసేదాన్ని. ఆవిడ మాత్రం "ఐ యామ్ ఫార్టీ. ఐ యామ్ సెవెంటీ టూ. నేను కలిగి ఉన్నది మోకాళ్ళ నొప్పులే" అనేవారు. నవ్వు అయ్యేసరికి వాక్యం వచ్చేసి ఉండేది.

ఒకరోజు పెరూ నుంచి వచ్చిన పెద్దాయన అడిగాడు. "'ఇట్ ఈజ్ రెయినింగ్' అంటారు. ఈ 'ఇట్' ఎవరు, టీచర్?" స్పానిష్‌లో కర్త చెప్పకపోయినా వాక్యం నడుస్తుంది, మన 'వచ్చాడు' లాగే. ఆయన అనుమానం న్యాయమైనది. నేను లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి ఇరవై నిమిషాలు చెప్పాను. నా జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ చెప్పలేదు. పెద్దాయన తల ఊపి, టీచరు వైపు తిరిగి మళ్ళీ అడిగాడు. "అయితే ఎవరు?"

"ఎవరూ కాదు. సీటు ఖాళీగా పోకూడదని కూర్చోబెట్టారు" అన్నారావిడ.

ఆయన రాసుకున్నాడు. ఇంకెప్పుడూ 'ఇట్' మరిచిపోలేదు.

బస్సు ఆవిడలోంచి దిగలేదు. బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరక్కుండానే ఎవరు ఫోను చూస్తున్నారో చెప్పేవారు, ఎదురుగా పెద్ద అద్దం ఉన్నట్టు. క్లాసు అయ్యాక చివరి వరసదాకా నడిచి, ఒక్కొక్క కుర్చీని చేత్తో తాకి, అప్పుడు దీపం ఆర్పేవారు. స్కూలు బస్సులో నిద్రపోయిన పిల్లలెవరూ మిగిలిపోలేదని రోజూ అలా చూడాలట. "ఇక్కడ అందరూ పెద్దవాళ్ళు, ఎవరు నిద్రపోతారు?" అన్నాను. "వీళ్ళే నిద్రపోతారు. పొద్దున నాలుగింటికి లేచినవాళ్ళు" అన్నారు.

ఆవిడ మాటలు కొన్ని నేను పుస్తకంలో రాసుకున్నాను. "అర్థమైందా అని అడక్కు, అందరూ అయిందనే అంటారు." "వాక్యం చివరిదాకా రానీ. మధ్యలో ఆపితే మళ్ళీ స్టార్టవదు." కాలేజీ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే తెనాలిలో రెండు మూడు తరాల ఆడపిల్లలు నన్ను ఇంకాస్త మంచి మాటలతో తలుచుకునేవాళ్ళేమో.

ఈ క్లాసు ఎందుకు పెట్టారో ఒక్కసారే చెప్పారు. బస్సులో ఒక నాలుగో క్లాసు పిల్ల ఉండేదిట. నెలకి మూడు నాలుగు రోజులు స్టాపులో కనబడేది కాదు. జ్వరమా అని అడిగితే, "మా అమ్మకి ఆసుపత్రిలో నేనే ఇంగ్లీషు చెప్పాలి" అందిట. వాళ్ళమ్మకి జబ్బు ముదిరిందన్న కబురు కూడా ఆ పిల్ల నోటితోనే వాళ్ళమ్మకి చెప్పించారు. "పదేళ్ళ పిల్ల, ప్రొఫెసర్. మర్నాడు బస్సెక్కి నా వెనక సీట్లో కూర్చుంది. నేను బస్సు నడిపాను. అంతే చేశాను" అన్నారు. ఆ తర్వాత రిటైరయ్యారు, ఈ గది అడిగి తీసుకున్నారు.

అందుకని మా క్లాసులో అందరూ మొదటి నెలలోనే నేర్చుకోవాల్సిన మాట ఒకటుంది. "ఐ నీడ్ యాన్ ఇంటర్‌ప్రెటర్. నాట్ మై డాటర్." నాకు దుభాషి కావాలి, నా కూతురు కాదు అని. కొడుకులున్నవాళ్ళకి 'సన్'. అలా గట్టిగా అడిగితే ఆసుపత్రివాళ్ళు ఫోనులోనో మనిషినో ఎవరినో ఒకరిని ఏర్పాటు చేస్తారు. అడగకపోతే పక్కనున్న పిల్ల వైపు చూస్తారు.

ఇక నా ఘనకార్యం. అప్పటికి నేను చేరి ఎనిమిది నెలలు. గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒక వంటమనిషి మా క్లాసుకి వచ్చేది. ఓక్‌ట్రీ రోడ్డు మీద మన తెలుగువాళ్ళ హోటల్లో దోశల పెనం దగ్గర పని. పదకొండేళ్ళ కూతురు. ఆమెకి ఏదో పరీక్ష చేశారు, మూడు వారాల్లో ఫలితం చెబుతారు. ఆ గదిలోకి కూతుర్ని తీసుకెళ్ళకూడదన్నది ఆమె పట్టుదల. చెప్పాల్సింది ఆ రెండు వాక్యాలే.

ఆ మంగళవారం టీచరుగారికి ఒంట్లో బాగాలేక క్లాసు నాకు వదిలారు. ఆమె వంతు వచ్చింది. "ఐ నీడ్ ఇంటర్‌ప్రెటర్. నో మై డాటర్" అంది. నేను నా కాలేజీ గొంతుతో, "స్టాండప్ అండ్ సే" అన్నాను. మనకి బడిలో జవాబు చెప్పాలంటే నిలబడే చెప్పాలి కదా. గురువు అడిగితే లేవడం మర్యాద. ఇంకో విధంగా ఉండొచ్చని నాకు తోచలేదు. ఆమె లేచింది. 'నో' కాదు 'నాట్' అన్నాను. మళ్ళీ అనిపించాను. ఐదుసార్లు. ఐదోసారి సరిగ్గా వచ్చింది. నేను తృప్తిగా కూర్చోమన్నాను.

పై వారం ఆమె రాలేదు. టీచరుగారు హాజరు చూసి, పక్కనున్నవాళ్ళని అడిగి, నా దగ్గరికి వచ్చారు.

"ప్రొఫెసర్, ఆమె పది గంటలు నిలబడి వచ్చింది."

"మా దేశంలో అది మర్యాదండీ" అన్నాను.

"మీ దేశపు హోటల్లోనే నిలబడింది" అన్నారు. తర్వాత, "మీరు వెళ్ళి తీసుకురండి."

"నేనా? మీరు పిలిస్తే వస్తుంది కదా."

"పిల్లని దారిలో దింపేసిన డ్రైవరే మళ్ళీ వెళ్ళి ఎక్కించుకోవాలి. రూలు."

మా అమ్మాయి శనివారం కారులో తీసుకెళ్ళింది. "అమ్మా, జస్ట్ సారీ చెప్పెయ్, లెక్చర్ ఇవ్వకు" అని దారంతా నాకు పాఠం చెప్పింది. హోటల్లో కూర్చుని వంటమనిషిని ఒకసారి పిలవమని అడిగాము. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి, చేతులు పక్కకి పెట్టుకుని నిటారుగా నిలబడిపోయింది. బడిపిల్లలాగా. నాకు అప్పుడు అర్థమైంది. ఎవరూ అర్థమైందా అని అడగకుండానే.

"కూర్చోమ్మా" అన్నాను ఇంగ్లీషులో.

ఆమె తెలుగులో, "లేదమ్మా, పని ఉంది. ఏం కావాలి? అల్లం చట్నీ అయిపోయింది" అంది. నికార్సైన గుంటూరు యాస. మూడేళ్ళు వంటింట్లో విని పట్టుకుంది. ఎవరూ దిద్దలేదు కాబట్టి వచ్చేసింది.

అప్పుడు నేనే లేచి నిలబడ్డాను. చుట్టూ దోశలు తింటున్నవాళ్ళు చూస్తున్నారు. ముందురోజు నేర్చుకున్న స్పానిష్‌లో, "యో మాలా ప్రొఫెసోరా" అన్నాను. నేను చెడ్డ టీచర్ని అని.

ఆమె నన్ను కాసేపు పరీక్షగా చూసింది. "యో సోయ్" అంది. క్రియ మింగేశాను. తెలుగులో దాంతో పని లేదు, అందుకని.

"యో సోయ్ మాలా ప్రొఫెసోరా."

"మళ్ళీ" అంది, తెలుగులో.

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించేదే, లోపల్నుంచి ఎవరో రెండు మసాలా దోశలని కేకేశారు. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి వెళ్ళింది. మంగళవారం క్లాసుకి వచ్చింది.

మిగిలిన వారం రోజులూ టీచరుగారు ఆమెతో రిహార్సల్ చేశారు. తాను రిసెప్షనిస్టుగా కూర్చుని, తల ఎత్తకుండా, ఖాళీ బల్ల మీద కంప్యూటర్ కొడుతున్నట్టు వేళ్ళు ఆడిస్తూ, "నేమ్?" అనేవారు. "కొంచెం ఆమె మొహం చూడండి, పాపం" అన్నాను. "అక్కడ ఎవరూ చూడరు. చూడకపోయినా చెప్పడమే నేర్చుకోవాలి" అన్నారు. 'నో' అన్నా 'నాట్' అన్నా ఆవిడ దిద్దలేదు. కంఠం తగ్గితే మాత్రం, "వినపడలేదు" అనేవారు.

ఆ రోజు కూతురు బడికి వెళ్ళింది. తల్లి ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. పై మంగళవారం క్లాసులో కూర్చుని ఆమె చెప్పింది: "ఐ సెడ్ ఇట్. షీ డిడ్ నాట్ లుక్. ఐ సెడ్ అగెయిన్. దెన్ షీ లుక్." క్లాసంతా బల్లలు చరిచారు. 'లుక్డ్' అనాలని నా నోటిదాకా వచ్చింది. మింగాను. ఫలితం అంత మంచిది కాదు, ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగుంది. ఇంట్లో ఆ సంగతి ఆ సాయంత్రం కూతురికి ఆమే చెప్పింది, తన భాషలో, తనకి కావలసినంత మేరకి. పేరు లేకుండా ఇదంతా రాసుకోమని ఆమే నాకు అనుమతిచ్చింది.

శనివారం టీచరుగారి కబురు నాకు ఫోనులో చెప్పింది కూడా ఆమే. "టీచర్ డైడ్ దిస్ మార్నింగ్. ఐ యామ్ సారీ, అమ్మా. ఆర్ యూ సిట్టింగ్?" అంది. నేను నిలబడే ఉన్నాను. కూర్చున్నాను.

క్లాసు ఉంటుందా అని చాలామంది అడుగుతున్నారు. ఉంటుంది. పోయిన నెల చేరిన ఒకావిడ వెంట ఇంకా తొమ్మిదేళ్ళ కూతురే తిరుగుతోంది. వచ్చే గురువారం వాళ్ళకి ఆసుపత్రిలో పని ఉంది. అంటే మాకు మిగిలింది ఒక్క మంగళవారం. ఆ రెండు వాక్యాలూ నేను చెప్పగలను. కానీ ఆ బల్ల ముందు ఒంటరిగా నిలబడి అవి అన్న మనిషి చెబితే వేరు. వంటమనిషి ఒప్పుకుంది, మొదటి అరగంట తనదేనని. నేను వెనక వరసలో నోరు మూసుకుని కూర్చోవాలని షరతు పెట్టింది.

ఇక మీతో పని. ఆ మంగళవారం మా అమ్మాయికి ఆఫీసులో మీటింగుంది, నాకు డ్రైవింగ్ రాదు. వంటమనిషిని హోటల్ నుంచి లైబ్రరీకి తీసుకురావడానికి కారున్నవాళ్ళు ఒక్కరు కావాలి. ఏ హోటలో నాకు ఫోన్ చేస్తే చెబుతాను. మంగళవారం ఐదూ ముప్పావుకి హోటలు వెనక తలుపు దగ్గర ఆపండి. హారన్ కొట్టకండి, లోపల దోశ పెనం మీద ఉంటుంది. ముందు సీట్లోంచి మీ సామాను తీసేసి ఉంచండి. ఆమెని తెలుగులో పలకరించకండి. మర్యాదకి తెలుగులోనే జవాబిస్తుంది, కూడగట్టుకున్న ఇంగ్లీషు చెదిరిపోతుంది. రేడియో పెట్టకండి. దారిలో ఆమె కిటికీ వైపు తిరిగి, పెదవులు కదుపుతూ, ఎదురుగా లేని ఎవరికో ఏదో చెబుతూ ఉంటుంది. లైబ్రరీ వచ్చాక కూడా ఆమె ఇంకా అలాగే ఉంటే, ఇంజను ఆపి ఊరికే కూర్చోండి.