మా మరిది పగలగొట్టిన అణువు

మా మరిదికి ఒకటే జబ్బు. మనిషి దొరికితే చాలు, అణువు ఎలా పగులుతుందో చెప్పాలి. అదీ పక్కింటి గోడలు అదిరేలా చెప్పాలి.

ఈయన మా చెల్లెలి మొగుడు. అణు విద్యుత్ కేంద్రంలో మీటలూ దీపాలూ చూసుకునే గదిలో ఉద్యోగం. కూరలమ్మే ఆవిడ వస్తే తట్టలోని బఠాణీలు గుమ్మంలో పరిచేవాడు. "ఇది యురేనియం అనుకో. న్యూట్రాన్ అని ఓ నలుసు వచ్చి తగిలింది. రెండు చెక్కలైంది, వేడి పుట్టింది. రెండు మూడు నలుసులు ఎగిరాయి. అవెళ్ళి పక్కవాటిని పగలగొడతాయి." మరి ఈ బఠాణీలు కొంటారా అని ఆవిడ అడిగితే, ముందు ఇది వినమనేవాడు. పాపం, ఆవిడ వీధే మార్చుకుంది.

పళ్ళ డాక్టరు నోట్లో పట్టకారు పెట్టినా ఆగలేదట. పన్ను ఊడేలోగా, నలుసుల్ని మింగేసి పగలడాన్ని అదుపులో పెట్టే కడ్డీల దాకా వచ్చేశాడట. బయట బల్ల మీదున్న మా చెల్లెలే చెప్పింది. పక్క పన్ను కూడా పీకలేదంటే ఆ డాక్టరు దేవుడు.

నాకు చదువు అబ్బలేదు గానీ బుర్ర అబ్బింది. ఇంత హడావిడీ చేసి చివరికి కాచేది నీళ్ళేనా, ఆ పని నేనూ చేస్తాను కదా అన్నాను.

"అంతే వదినగారూ. నీళ్ళు కాగితే ఆవిరి, ఆవిరి తోస్తే చక్రం, చక్రం తిరిగితే కరెంటు" అన్నాడు, వంటింటి వైపు తిరిగి. నేనిటుంటే అటు చెప్పడమేమిటని ఒళ్ళు మండింది.

మా చెల్లెలు వట్టి పిరికిది. ఆయన డ్యూటీకెళితే తిరిగొచ్చేదాకా మెతుకు ముట్టదు. చిక్కి సగమైంది. ఉద్యోగం మానకపోతే నా దగ్గరికొచ్చేస్తానంది. ఆయనకేమో ఆ పని ప్రాణం.

ఒక మధ్యాహ్నం కేంద్రం ఉన్నట్టుండి ఆగిపోయిందని గుప్పుమంది. టైలరు కుట్టుమిషను నెత్తినెత్తుకుని పరుగు. మా చెల్లెలు ఏ మూలన పడిపోయిందోనని నేనూ పరిగెత్తాను.

వెళ్ళి చూస్తే, అది కూర్చుని శుభ్రంగా అన్నం తింటోంది.

"కూర్చో అక్కా. కడ్డీలు దిగుంటాయి, పగలడం ఆగుంటుంది. కానీ వేడి వెంటనే చావదు, నీళ్ళు తిప్పుతూనే ఉండాలి. ఆయన వచ్చేసరికి ఆలస్యమవుతుంది. నువ్వూ ఇంత తిను."

నేను పీట వాల్చుకుని కంచం ముందేసుకున్నాను. అది నాకు ధైర్యం చెప్పడం నా జన్మలో అదే మొదలు.

చీకటి పడే వేళకి మరిది వచ్చాడు. పంపు ఒకటి మొరాయిస్తే కేంద్రం దానంతటదే ఆగిందట. దీనికి ఇదంతా ఎప్పుడు నేర్పావయ్యా అనడిగాను.

"ఎదురుగా చెప్పబోతే చెవులు మూసుకునేది వదినగారూ. పరాయివాళ్ళతో చెబుతుంటే మాత్రం వినేది."

"సరే, నేర్చుకుంది కదా. ఇకనైనా మాకు శాంతి ఇస్తావా?"

ఆయన తల ఊపబోయాడు. వంటింట్లోంచి మా చెల్లెలు అందుకుంది.

"అప్పుడే ఏమైంది? చక్రం తిప్పాక ఆ ఆవిరి ఎటు పోతుందో ఇంకా చెప్పనే లేదు. రేపు పాలాయనకి చెప్పండి, నేనిక్కడే ఉంటాను."