వరస కట్టిన ఊచలు

1994 చలికాలంలో దోహాలోని ఒక కన్సల్టెన్సీ కంపెనీ నన్ను బోటనిస్టుగా తీసుకుని, అల్ ఖోర్ దగ్గరి మడ అడవికి వేసింది. రోడ్డు కోసం పోసిన మట్టి అడ్డుపడి ఆ అడవి సగం చచ్చిపోయింది. తర్వాత మట్టి తీసేసి సముద్రపు నీటిని మళ్ళీ రానిచ్చారు. అడవి తేరుకుంటోందా లేదా అని ఏళ్ళ తరబడి చూడటం నా పని.

చీట్లు తీసి ఎంచిన పన్నెండు చోట్ల ఒక్కో ఇనప ఊచ పాతాం. నచ్చిన చోట లెక్కపెడితే నచ్చిన జవాబే వస్తుంది కనుక చీట్లు. ఏడాదికి రెండుసార్లు, సముద్రపు నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, ఊచకు ఆనించి మీటరు చదరపు చట్రం పెట్టి, అందులోని మొలకల్ని, పీతల బొరియల్ని, నత్తల్ని లెక్కపెట్టాలి. చట్రం జానెడు జరిగినా పాత లెక్కతో పోల్చడానికి ఉండదు.

చట్రం పట్టేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన మల్లయ్య. మోకాటిలోతు బురదలో నాకంటే నయంగా నడిచేవాడు, నా కాకినాడ మాటలకు నవ్వేవాడు. కూలీల క్యాంప్ నుంచి తెచ్చిన ఖుబుజ్ రొట్టె, మిరపకాయ తొక్కు గట్టుమీద కూర్చుని తినేవాళ్ళం. ఆ బురద వాసనంటే మా ఆవిడకు రోత. నాకు మాత్రం ఇప్పటికీ దానిమీద బెంగే.

1997లో పెద్దసార్లు అడవి చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. నేను ఆఫీసులో రిపోర్టుతో తలమునకలై ఉన్నాను. ఊచలు తుప్పు పట్టాయి, పెయింట్ వేసి నీటుగా ఉంచమని మల్లయ్యకు క్యాంప్ ఫోన్‌లో చెప్పాను. అంతే చెప్పాను.

వారం తర్వాత వెళ్ళి చూశాను. పన్నెండు ఊచలూ ఎర్రగా, తాపీవాళ్ళ దారం పట్టి ఒకే వరసలో నిలబడి ఉన్నాయి. పాత గుంతల్ని సముద్రపు పోటు పూడ్చేసింది. ఊచలున్నాయి కదా అన్న ధీమాతో నేను చెట్ల నుంచి దూరాలు రాసుకోలేదు.

"అడ్డదిడ్డం ఉన్నయని లైన్‌ల పెట్టిన సారూ. మంచిగున్నయా?" అన్నాడు మల్లయ్య, సంబరంగా.

సంగతి తెలిసి సైట్ ఇన్‌ఛార్జి, మల్లయ్య వీసా క్యాన్సిల్ చేసి వచ్చే విమానంలో పంపించేస్తానన్నాడు. నేను నోరు మెదపలేదు. మూడేళ్ళ లెక్క పోయిందన్న మంట ఒకటి, తప్పు అతని మీదికి పోతే నాది కనబడదన్న ఊరట ఒకటి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మల్లయ్య చెప్పులు విడిచి బురదలోకి దిగి, కాసేపటికి ఒకచోట ఆగాడు.

"ఈడనే సారూ. చట్రం పట్టుకుంటే ఈ వేరు నా మోకాలికి తాకుతుండె."

చిన్న పారతో జాగ్రత్తగా తవ్వాను. జానెడు లోతున, నల్లబురదలో ఊచంత మందాన తుప్పు మరక కనిపించింది. సాయంత్రానికి తొమ్మిది చోట్లు దొరికాయి. మిగతా మూడింట్లో ఎంత వెతికినా మరక లేదు.

ఆ మూడింటికీ పాత అంకెల దరిదాపుల్లో ఏదో రాసేస్తే అడిగే నాథుడు లేడు. ఇన్‌ఛార్జి కూడా అదే సలహా ఇచ్చాడు. మర్నాడు ఆఫీసులో కూర్చుని, ఊచలు నా మాట మీదే కదిలాయని, వాటి పనేమిటో నేను చెప్పలేదని, మూడు చోట్లు పోయాయని రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. నాకు రావలసిన ప్రమోషన్ ఆ ఏడాది ఇంకొకరికి వెళ్ళింది. మల్లయ్య ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, ఊచ పాతే ముందు కూలీలను కూర్చోబెట్టి అదెందుకో చెప్పాను. కారణం చెప్పకుండా పని చెబితే, చేసేవాడు తనకు తెలిసిన మంచి చేస్తాడు. ఆ తప్పు చెప్పినవాడిది. ఆ మడ అడవి పట్టికలో మూడు వరసలు 1997తో ఆగిపోతాయి. పక్కన కారణం అన్న గడిలో నా పేరుంది.